57.3 నుంచి 62 బోర్‌కి వెళ్తే కంప్రెషన్ రేషియో ఎంతలో ఉంచాలి, ఎలా ఉంచాలి?

#1 · చైన్‌లూబ్

వివరాలన్నీ ముందే పెడుతున్నా, మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా.

సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్, రెండు వాల్వులు, కార్బురేటర్. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) బోర్, అంటే సిలిండర్ వ్యాసం, 57.3 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 57.8 మి.మీ., కనెక్టింగ్ రాడ్ పొడవు 98 మి.మీ. మాన్యువల్‌లో రేషియో 9.5:1. కొత్త స్లీవ్ వేసి 62 మి.మీ. ఫోర్జ్‌డ్ పిస్టన్ పెట్టే పని నడుస్తోంది. స్ట్రోక్ మారదు. పిస్టన్ తల ఉబ్బెత్తుగా ఉంది, వాల్వులకి రెండు పాకెట్లు ఉన్నాయి. డబ్బా మీద 11:1 అని ముద్రించారు. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) ప్రస్తుతానికి స్టాకే. పెట్రోల్ 91 ఆర్‌ఓఎన్ (ఆక్టేన్ అంకె). రోజూ తిరిగే బండి, రేసుకి కాదు.

అడిగేది: డబ్బా మీది 11 నమ్మొచ్చా? ఎక్కువైతే సిలిండర్ బేస్ కింద ప్లేటు వేసి దించితే సరిపోతుందా? అసలు ఈ ఇంజిన్‌కి ఎంత దాకా పోవచ్చు?

#2 · బ్యూరెట్‌బాబు

డబ్బా మీది అంకె పిస్టన్‌ది కాదు, పిస్టన్ తయారుచేసినవాళ్లు ఊహించుకున్న ఇంజిన్‌ది. వాళ్లు ఏ హెడ్ వాల్యూమ్, ఏ గ్యాస్కెట్ మందం అనుకుని లెక్కేశారో మనకి తెలీదు. మీ హెడ్‌లో 1 సీసీ తేడా ఉన్నా ఈ సైజు ఇంజిన్‌లో రేషియో అరకి పైగా కదులుతుంది. కాబట్టి కొలవాల్సిందే.

రేషియో = (స్వెప్ట్ వాల్యూమ్ + పిస్టన్ టీడీసీలో, అంటే పై కొసలో, ఉన్నప్పుడు పైన మిగిలే చోటు) ÷ ఆ మిగిలే చోటు.

స్వెప్ట్ వాల్యూమ్ (పిస్టన్ కదిలే మేర ఉన్న చోటు) తేలికే. కొలతలన్నీ సెంటీమీటర్లలో పెట్టి 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్. స్టాక్‌కి 149.05 సీసీ, 62 బోర్‌కి 174.5 సీసీ. అంటే 17 శాతం పెరిగింది.

మిగిలే చోటు నాలుగు ముక్కలు: హెడ్ చాంబర్, నొక్కుకున్నాక గ్యాస్కెట్ మందం, టీడీసీలో పిస్టన్ అంచు బ్లాక్ ఫేస్‌కి ఎంత కిందుంది అన్నది, పిస్టన్ డోమ్ (తల మీది ఉబ్బు). మొదటి మూడూ కలుపుతాం, డోమ్ తీసేస్తాం. గుంట పిస్టన్ అయితే ఆ నాలుగోది కూడా కలుపుతాం.

పాత పిస్టన్, పాత గ్యాస్కెట్ పారేయకండి. స్టాక్ ఇంజిన్‌ని కూడా ఇలాగే కొలవండి, ఎందుకో తర్వాత చెప్తా.

#3 · లేత్‌లెక్క

హెడ్ కొలిచే పద్ధతి రాస్తున్నా, ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతుంది.

కావాల్సినవి: 0.1 సీసీ గీతలున్న 50 సీసీ బ్యూరెట్, 6 మి.మీ. మందం అక్రిలిక్ పలక, గ్రీజు, రంగు కలిపిన కిరోసిన్ లేదా పల్చటి ఆయిల్. ఉత్త నీళ్లు వాడితే బుడగలు మూలల్లో అతుక్కుంటాయి. తప్పదనుకుంటే ఒక చుక్క డిష్ సోప్ కలపండి. బ్యూరెట్ దొరకకపోతే 10 సీసీ సిరంజితోనూ పని నడుస్తుంది గానీ ప్రతిసారీ నింపుకునేటప్పుడు కొంచెం కొంచెంగా తప్పు పోగవుతుంది.

హెడ్ నుంచి కార్బన్ పూర్తిగా తీసేయాలి. వాల్వులకి స్ప్రింగులు వేసి, సీటు మీద పల్చగా గ్రీజు రాసి మూయాలి. రేపు నడిపేటప్పుడు ఏ ప్లగ్ వాడతారో అదే బిగించాలి, ఎందుకంటే ప్లగ్ ముక్కు లోపలికి ఎంత వస్తుందన్నది కూడా వాల్యూమే. చాంబర్ నోటి చుట్టూ సన్నటి గ్రీజు గీత గీసి పలక నొక్కాలి. పలకకి రెండు రంధ్రాలు ఉండాలి, ఒకటి పోయడానికి, రెండోది గాలి పోవడానికి. గాలి రంధ్రం అన్నిటికంటే ఎత్తులో ఉండేలా హెడ్‌ని కాస్త వంచి పెట్టండి. చివరి బుడగ కూడా పోయాక బ్యూరెట్‌లో ద్రవం వంపు అడుగు దగ్గర, కన్ను అదే ఎత్తులో పెట్టి చదవండి. మూడుసార్లు చేస్తే మూడూ 0.2 సీసీ లోపల కలవాలి. కలవకపోతే ఎక్కడో కారుతోందని అర్థం, ముందు ఎగ్జాస్ట్ పోర్టులో చూడండి.

డోమ్‌కి: పిస్టన్‌కి రింగు వేసి బోర్‌లో పెట్టి, డయల్ గేజ్ చూస్తూ అంచు సరిగ్గా 10 మి.మీ. కిందికి వచ్చేలా ఆపండి. అంచు చుట్టూ గ్రీజు పూసి ఎక్కువైంది తుడిచేయండి. పైన పలక పెట్టి నింపండి. 62 బోర్‌లో 10 మి.మీ. లోతంటే 30.19 సీసీ. పోసింది దానికంటే ఎంత తక్కువ పడితే అంత డోమ్. పాకెట్లు కూడా ఇందులోనే కలిసిపోతాయి, వేరే లెక్క అక్కర్లేదు. డోమ్ 10 మి.మీ. కంటే ఎత్తుంటే 15 దించండి.

#4 · చైన్‌లూబ్

కొలతలు:

హెడ్: 15.8, 15.7, 15.8. గ్యాస్కెట్ (కొత్తది, రంధ్రం 63.5 మి.మీ.) నొక్కుకున్నాక 0.5 మి.మీ., అంటే 1.58 సీసీ. టీడీసీలో పిస్టన్ అంచు 0.4 మి.మీ. కింద, 1.21 సీసీ. డోమ్ పరీక్షలో 27.2 సీసీ పట్టింది.

లెక్క: 15.8 + 1.58 + 1.21 + 2.99 = 21.58. రేషియో 9.09 వస్తోంది. డబ్బా మీద 11 ఉంటే ఇక్కడ 9.1 ఏంటి?

స్టాక్ కొలతలూ తీశా: గ్యాస్కెట్ రంధ్రం 58.5, మందం 0.5, పిస్టన్ 0.4 కింద, స్టాక్ డోమ్ 0.6 సీసీ. హెడ్ అదే.

#5 · వాల్వ్‌టాపెట్

గుర్తు తిరగబడింది. డోమ్ చోటు తినేస్తుంది, ఇవ్వదు.

15.8 + 1.58 + 1.21 − 2.99 = 15.6. రేషియో 12.19.

స్టాక్: 15.8 + 1.34 + 1.03 − 0.6 = 17.57, రేషియో 9.48. మాన్యువల్‌లోని 9.5కి అతికినట్టు సరిపోయింది కాబట్టి మీ కొలిచే పద్ధతి బాగానే ఉంది. కొత్త అంకెనీ నమ్మొచ్చు.

ఎయిర్ కూల్డ్, రెండు వాల్వులు, 91 పెట్రోల్, స్టాక్ క్యామ్. వీటికి 12.2 కుదరదు.

#6 · ఫుల్‌థ్రాటిల్

ఇంత తతంగం ఎందుకు బ్రో. బేస్ కింద 1 మి.మీ. అల్యూమినియం ప్లేటు పెట్టేయ్. 3 సీసీ వచ్చేస్తుంది, రేషియో 10.4కి దిగుతుంది. మధ్యాహ్నానికి బండి స్టార్ట్ అవుతుంది.

#7 · లేత్‌లెక్క

లెక్క కరెక్టే, 10.38 వస్తుంది. కానీ స్క్విష్ సంగతి?

ఇప్పుడు గ్యాస్కెట్ 0.5, డెక్ (పిస్టన్ అంచు కిందున్న దూరం) 0.4, మొత్తం 0.9 మి.మీ. పిస్టన్ అంచుకీ హెడ్‌లోని చదునైన పట్టీకీ మధ్య ఉన్న సందు అదే. పిస్టన్ టీడీసీకి వస్తుంటే ఆ సందులోని మిశ్రమం జెట్‌లా ప్లగ్ వైపు తన్నుకొస్తుంది. దాంతో మంట వేగం పెరుగుతుంది, అంచుల్లో మిగిలిన కొద్దిపాటి మిశ్రమం రెండు చల్లటి లోహపు గోడల మధ్య ఉండి తనంతట తాను అంటుకోదు. ఆ సందుని 1.9 మి.మీ. చేశారనుకోండి, తోసే బలమూ పోతుంది, చల్లదనమూ పోతుంది. నాకింగ్ (మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలడం) మొదలయ్యేది సరిగ్గా ఆ అంచుల్లోనే. అందుకే 0.9 స్క్విష్‌తో 10.8 నిశ్శబ్దంగా నడుస్తుంటే, 1.9 స్క్విష్‌తో 10.4 గలగలమంటుంది. రేషియో దించి నాకింగ్ కొనుక్కోవడం అంటే ఇదే.

ఈ సైజు ఇంజిన్‌కి 0.8 నుంచి 1.0 మి.మీ. మంచి చోటు. 0.7 కంటే తగ్గిస్తే హై ఆర్‌పీఎంలో రాడ్ సాగడం, బేరింగ్ సందు, పిస్టన్ ఊగడం అన్నీ కలిసి తల హెడ్‌కి తగులుతుంది.

#8 · ఫుల్‌థ్రాటిల్

పాత హెమీ (అర్ధగోళపు చాంబర్) హెడ్లలో స్క్విష్ పట్టీయే ఉండదు, వాటికీ బేస్ ప్లేట్లు వేసి నడిపారుగా?

#9 · లేత్‌లెక్క

పట్టీ లేని హెడ్‌లో పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, కాబట్టి అక్కడ ప్లేటు వేస్తే వచ్చే నష్టం తక్కువ. ఇక్కడ 57.3 నోరున్న హెడ్ మీదికి 62 బోర్ వస్తోంది. చుట్టూ 2.35 మి.మీ. వెడల్పున కొత్తగా చదును పట్టీ పుట్టుకొచ్చింది, 4.4 చదరపు సెంటీమీటర్లు. అడగకుండా వచ్చిన స్క్విష్ అది. వదులుకోవద్దు.

చైన్‌లూబ్ గారూ, డయల్ గేజ్ అంకెతో ఆగకుండా టంకం తీగతో కూడా చూడండి. 1.5 మి.మీ. తీగ ముక్కలు రెండు, గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపేది) ఏ దిశలో ఉందో ఆ దిశలోనే రెండు చివర్లా గ్రీజుతో అతికించాలి. ముందూ వెనకా పెడితే పిస్టన్ ఊగి అంకె తప్పు చూపిస్తుంది. హెడ్‌ని మాన్యువల్ టార్క్‌కి బిగించి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా టీడీసీ దాటించి, తీగ తీసి మైక్రోమీటర్‌తో చూడండి. రెండు వైపులా తేడా 0.1 దాటితే బ్లాక్ ఫేస్ వంకర ఉన్నట్టే.

#10 · బ్యూరెట్‌బాబు

ఇప్పుడు "ఎంత దాకా పోవచ్చు" అన్న ప్రశ్న. స్టాక్ కొలతలు తీయమన్నది దీనికే.

పిస్టన్ బీడీసీ (అడుగు కొస) నుంచి పైకి బయల్దేరిన వెంటనే కంప్రెషన్ మొదలవదు. ఇన్‌టేక్ వాల్వు మూసుకున్నాకే మొదలవుతుంది. కాబట్టి క్రాంక్‌కి డిగ్రీ డిస్క్ కట్టి, వాల్వు సీటు మీద కూర్చునే చోట ఆపి, పిస్టన్ టీడీసీకి ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ దూరాన్నే స్ట్రోక్ అనుకుని రేషియో మళ్లీ లెక్కేస్తే వచ్చేది డైనమిక్ రేషియో.

మీ స్ట్రోక్, రాడ్ పొడవు తీసుకుంటే: వాల్వు బీడీసీ తర్వాత 40 డిగ్రీలకి మూసుకుంటే మిగిలే దూరం 52.8 మి.మీ., 50కి అయితే 50.0, 60కి అయితే 46.6.

స్టాక్ క్యామ్ 40 దగ్గర మూసుకుంటుందని అనుకుందాం (మీరు కొలిచి చూడండి). అప్పుడు:

స్టాక్ ఇంజిన్, 9.48: డైనమిక్ 8.75
62 బోర్, 12.19, అదే క్యామ్: 11.2
62 బోర్, 10.5, అదే క్యామ్: 9.7
62 బోర్, 10.5, 50 డిగ్రీల క్యామ్: 9.2
62 బోర్, 10.5, 60 డిగ్రీల క్యామ్: 8.7

కొసన ఉన్నది చూడండి. పెద్ద క్యామ్ వేస్తే 10.5 రేషియో కూడా కంపెనీ ఇంజిన్ పడే శ్రమే పడుతుంది. స్టాక్ క్యామ్‌తో మాత్రం అదే 10.5 దాదాపు ఒక అంకె పైకి పోతుంది. అందుకే "ఫలానా బండిలో 11.5 నడుస్తోంది" అన్న మాట క్యామ్ వివరం లేకుండా చెప్తే దానికి విలువ లేదు. మీ ఇంజిన్ స్టాక్ డైనమిక్ అంకే మీకు కొలబద్ద. కంపెనీ ఆ హెడ్‌తో, ఆ కూలింగ్‌తో, ఆ పెట్రోల్‌తో దాన్ని సరిచూసుకుంది. దానికి పైన అర దాకా పోవచ్చు, స్క్విష్ బాగుండి, ఇగ్నిషన్ సరిచేస్తేనే. ఒకటి దాటితే ఎయిర్ కూల్డ్‌లో ఎండాకాలం ట్రాఫిక్‌లో నాకింగ్ తప్పదు.

ఒక జాగ్రత్త. క్యామ్ కార్డులో అంకెలు 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర ఇస్తే వాల్వు నిజంగా మూసుకునేది దానికంటే చాలా ఆలస్యంగా. రెండు క్యామ్‌లు పోల్చేటప్పుడు రెండూ ఒకే లిఫ్ట్ దగ్గర కొలిచినవై ఉండాలి.

#11 · స్పార్క్‌గ్యాప్

డైనమిక్ రేషియోని మరీ వేదంలా తీసుకోవద్దని ఒక మాట. 7,000 ఆర్‌పీఎం దగ్గర పైపులో గాలి ఊపు మీద ఉంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా లోపలికి దూరుతూనే ఉంటుంది. అక్కడ ఈ లెక్క పని చేయదు. తక్కువ, మధ్య ఆర్‌పీఎంలో థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ఏం జరుగుతుందో పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. నాకింగ్ వచ్చేది కూడా ఎక్కువగా అక్కడే కాబట్టి బ్యూరెట్‌బాబు గారి పట్టికతో పేచీ లేదు.

12 కోసం ఆరాటపడేవాళ్లకి ఇంకో లెక్క. సిద్ధాంతం ప్రకారం 9.5 నుంచి 10.7కి పోతే వచ్చే లాభం 3 శాతం. 10.7 నుంచి 12.2కి పోతే మరో 3 శాతం. మీకు సీసీ పెంచడం వల్లే 17 శాతం వచ్చేసింది. ఆ రెండో 3 శాతం కోసం ఇగ్నిషన్ వెనక్కి లాగాల్సి వస్తే వచ్చింది కాస్తా అక్కడే పోతుంది. పైగా డోమ్ మరీ ఎత్తుగా ఉంటే మంట దారికి అడ్డం నిలబడుతుంది, చాంబర్ రెండు ముక్కలైనట్టు కాలుతుంది.

#12 · చైన్‌లూబ్

క్యామ్ కొలిచా. సీటు మీద కూర్చునేది 42 డిగ్రీల దగ్గర. టంకం తీగ ఎడమ 0.91, కుడి 0.94. క్యామ్ మార్చే ఉద్దేశం ఉంది, 52 దగ్గర మూసుకునేది. లక్ష్యం 10.5 అనుకుంటున్నా. స్క్విష్ పాడవకుండా ఆ 2.8 సీసీ ఎక్కడ నుంచి తేవాలి?

#13 · లేత్‌లెక్క

10.5కి మిగిలే చోటు 174.5 ÷ 9.5 = 18.37 ఉండాలి. ఉన్నది 15.6. అంటే 2.77 సీసీ కావాలి. ఒక్కచోట తీస్తే ఏదో ఒకటి బలహీనపడుతుంది, పంచండి.

మొదట పిస్టన్. డోమ్ పైభాగం చదునుగా ఉన్నంత మేర విస్తీర్ణం గ్రాఫ్ పేపర్ మీద గీసి లెక్కపెట్టండి. ఈ సైజులో 20 చదరపు సెంటీమీటర్లు వస్తే, లేత్ మీద 0.7 మి.మీ. తీస్తే 1.4 సీసీ. తీసే ముందు లోపలి నుంచి తల మందం కొలవాలి, పాకెట్ అడుగు దగ్గర ముఖ్యంగా. అక్కడే అన్నిటికంటే పల్చగా ఉంటుంది. ఫోర్జ్‌డ్ అయినా తీశాక 5 మి.మీ.కి తగ్గకూడదు. అంచున ఉన్న స్క్విష్ పట్టీని ముట్టుకోవద్దు. పదును మూలలన్నీ 0.5 మి.మీ. గుండ్రం చేయండి, వదిలేస్తే అవి నిప్పు కణికల్లా ఎర్రబడి స్పార్క్ కంటే ముందే అంటిస్తాయి.

తర్వాత హెడ్. వాల్వుల పక్క గోడలు చాలా హెడ్లలో వాల్వుకి మరీ దగ్గరగా ఉంటాయి. ఆ గోడల్ని వెనక్కి జరిపితే 1 సీసీ వస్తుంది, గాలి ప్రవాహం కూడా మెరుగవుతుంది. 62 బోర్ గీత హెడ్ మీద గీసుకుని దాని లోపలే ఉండాలి. దాటితే గ్యాస్కెట్ అంచు గాల్లో వేలాడుతుంది. ప్లగ్ చుట్టూ, రెండు సీట్ల మధ్య సన్నటి వంతెన దగ్గర ఏమీ తీయొద్దు, పగుళ్లు పుట్టేది అక్కడే.

మిగిలినది బేస్ గ్యాస్కెట్. 0.1 మి.మీ. మందం పెంచితే 0.3 సీసీ. స్క్విష్ 1.0 దగ్గర ఆగుతుంది.

మొత్తం 2.7. రేషియో 10.54. అక్కడ ఆగండి, పాయింట్ కోసం ఇంకా గీకొద్దు. పని అయ్యాక మళ్లీ బ్యూరెట్ పట్టాలి, లెక్కలో వచ్చిన సీసీ లోహంలో వచ్చిందో లేదో అదే చెప్తుంది.

#14 · రింగుమాస్టర్

అడగని విషయం ఒకటి: తల తక్కువ ఎత్తున్న పిస్టన్ దొరికితే ఈ లేత్ పనే ఉండదు. ఇదే కొలతలతో 0.6 సీసీ డోమ్ ఉంటే రేషియో 10.7. కొనే ముందు చూసుకోవాల్సిన విషయం ఇది, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

రింగు గ్యాప్ కనీసం 0.25 మి.మీ., అంటే బోర్‌లో వెయ్యింట నాలుగు వంతులు. రేషియో పెరిగితే వేడి పెరుగుతుంది, గ్యాప్ మూసుకుపోతే రింగు బోర్‌ని చీరేస్తుంది. ఫోర్జ్‌డ్‌కి బోర్ సందు పిస్టన్‌తో వచ్చిన కాగితంలో ఉన్నదే పాటించండి, స్టాక్ కాస్ట్ పిస్టన్ సందు పెడితే బిగుసుకుంటుంది.

#15 · వాల్వ్‌టాపెట్

బేస్ మందం మారినా, హెడ్ ఫేస్ కొట్టించినా టైమింగ్ చైన్ గుర్తుపెట్టుకోండి. హెడ్ పైకి లేస్తే క్యామ్ టైమింగ్ ముందుకి పోతుంది, దిగితే వెనక్కి. 34 పళ్ల క్యామ్ స్ప్రాకెట్, 6.35 పిచ్ చైన్ అయితే 1 మి.మీ.కి క్రాంక్ మీద 3.3 డిగ్రీలు. మీ 0.1కి మూడో వంతు డిగ్రీ, పట్టించుకోనక్కర్లేదు. ఫుల్‌థ్రాటిల్ గారి ప్లేటు వేసుంటే 3.3 డిగ్రీలు ముందుకి పోయి ఇన్‌టేక్ త్వరగా మూసుకునేది, డైనమిక్ రేషియో మళ్లీ పైకి ఎక్కేది. పుష్‌రాడ్ ఇంజిన్లలో అయితే రాడ్ల పొడవు కూడా మార్చాలి.

ఇక కొత్త క్యామ్ వేస్తున్నారు కాబట్టి వాల్వు పిస్టన్‌కి తగులుతుందేమో చూడటం తప్పనిసరి. పాకెట్లలో 4 మి.మీ. మందం క్లే పెట్టి, పైన కొంచెం ఆయిల్ పూసి, హెడ్ బిగించి, టాపెట్ సందు సున్నా చేసి, క్రాంక్ రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పాలి. ఎక్కడైనా అడ్డం తగిలితే బలవంతం చేయొద్దు. క్లేని బ్లేడుతో కోసి అతి సన్నటి చోట కొలవండి. ఇన్‌టేక్‌కి 1.5, ఎగ్జాస్ట్‌కి 2.0 మి.మీ. ఉండాలి. ఎగ్జాస్ట్ దగ్గరయ్యేది టీడీసీకి సుమారు 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్ 10 డిగ్రీల తర్వాత. టీడీసీలో మాత్రమే చూసి వదిలేస్తే లాభం లేదు. పిస్టన్ డోమ్ కోయించేటప్పుడు పాకెట్ల లోతు కూడా తగ్గినట్టవుతుంది అనుకునేరు. పాకెట్ అడుగు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, వాల్వు సందు మారదు.

#16 · ఫుల్‌థ్రాటిల్

సరే, ప్లేటు మాట వదిలేశా. కానీ అంతా బిగించాక ప్లగ్ రంధ్రంలోంచి ఆయిల్ పోసి ఒక్కసారిగా కొలిస్తే పోయేదిగా? ఇన్ని ముక్కలెందుకు?

#17 · బ్యూరెట్‌బాబు

సరిచూసుకోవడానికి బాగుంటుంది, దాని మీదే ఆధారపడకూడదు. ప్లగ్ రంధ్రం నిటారుగా ఉండేలా ఇంజిన్ వంచాలి. లేకపోతే పాకెట్లలో గాలి చిక్కుకుని తక్కువ పడుతుంది, రేషియో ఎక్కువ కనిపిస్తుంది. రింగుల పక్క నుంచి కారితే ఎక్కువ పడుతుంది, రేషియో తక్కువ కనిపిస్తుంది. ప్లగ్ మరలున్న చోటు కూడా తీసేయాలి: 10 మి.మీ. వ్యాసం, 19 మి.మీ. లోతు అయితే సుమారు 1.5 సీసీ, 12 అయితే 2.1 సీసీ. మీ దగ్గర మిగిలే చోటు 18 సీసీలే, అందులో 2 సీసీ మర్చిపోతే రేషియోలో ఒకటి తేడా. పోసిన ఆయిల్ పూర్తిగా తీయకుండా సెల్ఫ్ కొట్టొద్దు, రాడ్ వంగుతుంది.

కంప్రెషన్ గేజ్‌తో రేషియో తెలుసుకోవచ్చా అని తర్వాతి ప్రశ్న వస్తుంది కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: కుదరదు. గేజ్ అంకె క్యామ్, సెల్ఫ్ తిప్పే వేగం, థ్రాటిల్ తెరిచారా లేదా, ఊరు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉంది, అన్నిటి మీదా ఆధారపడుతుంది. ఆటో డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు ఒత్తిడి వదిలేసేది) ఉన్న క్యామ్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఒకే ఇంజిన్ ఆరోగ్యాన్ని నెలనెలా పోల్చుకోవడానికి అది.

#18 · స్పార్క్‌గ్యాప్

ఇగ్నిషన్, పెట్రోల్ సంగతి.

రేషియో పెరిగితే మిశ్రమం దట్టమవుతుంది, మంట త్వరగా పాకుతుంది, అడ్వాన్స్ (టీడీసీకి ఎంత ముందు స్పార్క్ ఇస్తామన్నది) తక్కువ చాలు. మరోపక్క బోర్ పెద్దదైతే మంట పోవాల్సిన దూరం పెరుగుతుంది. రెండూ కలిసి చూస్తే స్టాక్ కంటే 2, 3 డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టడం క్షేమం, ముఖ్యంగా పీక్ టార్క్ చుట్టుపక్కల. ప్రోగ్రామ్ చేసే సీడీఐ (ఇగ్నిషన్ పెట్టె) లేకపోతే పికప్ కాయిల్ ప్లేటు జరపాలి, కానీ అప్పుడు అన్ని ఆర్‌పీఎంలలోనూ తగ్గుతుంది, ఐడిల్ కాస్త బద్ధకిస్తుంది. తర్వాత ఒక్కో డిగ్రీ పెంచుతూ రండి.

ప్లగ్ ఒక మెట్టు చల్లటిది. మెయిన్ జెట్ స్టాక్ సైజు దగ్గర వదిలేస్తే మిశ్రమం పల్చబడి నాకింగ్ వస్తుంది, జనం దాన్ని రేషియో మీదికి తోసేస్తారు. రెండు సైజులు పైన మొదలుపెట్టి దిగండి. పెట్రోల్‌లో ఇథనాల్ పాలు ఎక్కువుంటే జెట్ ఇంకొంచెం పెద్దది కావాలి. ఇథనాల్ నాకింగ్‌ని బాగా తట్టుకుంటుంది గానీ, అంతే గాలికి ఎక్కువ ఇంధనం అడుగుతుంది.

అమెరికా ఫోరమ్‌లలో "87 పెట్రోల్‌తో నడిచింది" అని చదివితే కంగారు పడొద్దు. అక్కడి పంపు మీద రాసేది ఏకేఐ అనే వేరే ఆక్టేన్ కొలత, మనం మాట్లాడేది ఆర్‌ఓఎన్. 87 ఏకేఐ అంటే దాదాపు మన 91 ఆర్‌ఓఎన్.

బ్రీదర్ పైపు గాలి పెట్టెలోకి వెళ్తుంటే క్యాచ్ క్యాన్ (ఆయిల్ ఆవిరి పట్టే డబ్బా) పెట్టండి. ఆయిల్ ఆవిరి చాంబర్‌లోకి పోతే పెట్రోల్‌కి ఉన్న నాక్ తట్టుకునే గుణం తగ్గిపోతుంది. బోర్ పెంచిన ఇంజిన్‌లో ఆ ఆవిరి కూడా ఎక్కువే.

#19 · డబుల్‌స్ట్రోక్

టూ స్ట్రోక్‌కి కూడా ఇదే లెక్కా?

#20 · స్పార్క్‌గ్యాప్

సూత్రం అదే, మొదలయ్యే చోటు వేరు. వాల్వు బదులు ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్నప్పటి నుంచి లెక్కేయాలి. పోర్టు పైకి కోయించిన ప్రతిసారీ ఆ రేషియో దిగిపోతుంది, హెడ్‌తో తిరిగి తెచ్చుకోవాలి. మిగతాది వేరే థ్రెడ్‌లో.

#21 · చైన్‌లూబ్

పని పూర్తయింది. పిస్టన్ తల మందం పాకెట్ దగ్గర 5.6 ఉంది, 0.7 తీయించా. తీసింది డోమ్ పైభాగం మాత్రమే. హెడ్ ఇప్పుడు 16.7, డోమ్ 1.6, టంకం తీగ రెండు వైపులా 1.01. లెక్కలో 10.6 వస్తోంది. క్లే ఇన్‌టేక్ 1.7, ఎగ్జాస్ట్ 2.2.

గ్యాస్కెట్ రాగిది వేయాలా, కంపోజిట్ వేయాలా? నాకింగ్ వస్తుందో లేదో తెలుసుకోవడం ఎలా? హెల్మెట్‌లోంచి ఏమీ వినపడదు.

#22 · లేత్‌లెక్క

స్క్విష్ కొలిచింది ఏ గ్యాస్కెట్‌తోనో అదే రకం వేయండి, మందం మారితే ఇంత కొలిచిందీ వృథా. రాగి అయితే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచాకే వేయాలి. రంధ్రం 63.5 బాగుంది, బోర్ కంటే చిన్నదైతే అంచు లోపలికి పొడుచుకొచ్చి ఎర్రబడుతుంది. స్టడ్ మరలకి ఆయిల్ రాసి, ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటిగా, మూడు విడతల్లో బిగించండి. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక, రాగి లేదా కంపోజిట్ అయితే టార్క్ మళ్లీ చూడండి, తర్వాత టాపెట్ సందు కూడా.

#23 · స్పార్క్‌గ్యాప్

చెవి కంటే ప్లగ్ నమ్మకం. రింగులు కుదిరాక, ఎత్తు రోడ్డు మీద టాప్ గేర్‌లో 3,500 నుంచి ఫుల్ థ్రాటిల్ ఒకసారి లాగి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, పక్కన పెట్టి కొత్త ప్లగ్ విప్పి భూతద్దంతో చూడండి. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపిస్తే సన్నగా నాక్ అవుతోందని. వెండి రంగు పూసలు మెరుస్తుంటే పిస్టన్ అల్యూమినియమే కరిగి వస్తోంది, ఇక నడపొద్దు. చుక్కలు మాత్రమే ఉంటే జెట్ ఒక సైజు పెంచి మళ్లీ చూడండి, అయినా ఉంటే ఇగ్నిషన్ ఒక డిగ్రీ తగ్గించండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పని చేసిందో తెలీదు. ముందు జెట్.